బాగున్నవాళ్లను ఎవరడిగారు?

హారతి కన్నా ముందే ఆమె రాసిన కాగితం ఊరు చేరింది.

కడియం దగ్గర ఒక నర్సరీలో, మామిడి అంట్లు కట్టే షెడ్డులో మంగళవారం సాయంత్రం పద్నాలుగు మంది ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నోట నురగతో కూలిపోయారు. కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోయాయి కాబట్టి ఇది పురుగుమందు పనేనని డాక్టర్లు తేల్చారు. ఆ మందు వాళ్ల ఒంట్లోకి ఎలా వెళ్లిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

ప్రజారోగ్యంలో పీజీ రెండో ఏడు చదువుతున్న హారతి ఆ కారణం వెతకడమే తన ప్రాజెక్టుగా తీసుకుంది. రెండ్రోజులు కాకినాడ ఆసుపత్రి మంచాల పక్కన కూర్చుని, మాట్లాడగలిగినవాళ్లని వాళ్ల నోటితోనూ, లేనివాళ్ల సంగతి పక్కనున్న మనుషుల్నీ అడిగి రాసుకుంది. పెళ్లయిన మూడో నెల్లోనే ఆషాఢం వచ్చిపడి, మొగుడు మురళీకృష్ణ నిడదవోలులోనూ తను పుట్టింట్లోనూ ఉండాల్సి వచ్చినప్పుడు అతను స్టేషన్లో కొనిచ్చిన నాలుగు రంగుల పెన్ను ఆమె దగ్గరుంది. ఒక్కో మీట నొక్కితే ఒక్కో రంగు. జబ్బుపడ్డవాళ్లకి ఎరుపు, బాగున్నవాళ్లకి ఆకుపచ్చ అని ఒక పద్ధతి పెట్టుకుని, కొత్త గాజులు వేసుకున్నంత సంబరపడిపోయింది. ఎరుపుతో పద్నాలుగు పేర్లు రాసింది. వాళ్లలో పదమూడు మంది మంగళవారం నర్సరీ గేటు ముందు పోతురాజు బండి దగ్గర మజ్జిగ తాగినవాళ్లే. పాపాయి అనే ఆవిడ ఒక్కతే, ఉపవాసమండి, మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టలేదండి అంది. మగతలో ఏదో అంటోందిలే అనుకుని హారతి ఆ పేరు పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.

గురువారం సాయంత్రం ఇదంతా ఫోనులో వినిపిస్తే, ఆమెకు పరిశోధన పద్ధతులు చెప్పే రాజరత్నం మేడమ్ ఒకటే అడిగింది.

"బాగున్నవాళ్లని అడిగావా?"

రేపు అడుగుతానండి అంది హారతి. ఆరింటికి మురళీకృష్ణ ఫోను చేస్తాడు. ఆ ఫోను కోసం పొద్దున్నించీ దాచుకున్న కబుర్లు బోలెడున్నాయి, పెన్నులో నీలం మీట కాస్త బిగుసుకుపోయిందన్న కబురుతో సహా. అందుకని బస్సెక్కేసింది. ఎక్కేముందు, ఇంటిపేర్లు సరిచూసి పెట్టమని ఆ జాబితా జిరాక్సు కాపీ, ఆసుపత్రికి వచ్చిన నర్సరీ మేస్త్రీ బంగార్రాజు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఫోనుతో ఫొటో తీశాడు. రాత్రి తెల్లారేలోపు అది ఊళ్లో ప్రతి ఫోనులోకీ వెళ్లిపోయింది. పద్నాలుగులో పదమూడు. కింద ఎవరో పెద్దక్షరాలతో చేర్చారు: పోతురాజు మజ్జిగ.

శుక్రవారం తెల్లవారుజామున ఆ పద్నాలుగు మందిలో చిన్నది, దేవిశ్రీ, చనిపోయింది.

*

పదకొండింటికి హారతి ఆటో దిగేసరికి నర్సరీ గేటు ముందు మజ్జిగ బండి నాలుగు చక్రాలూ పైకి పెట్టి తిరగబడి ఉంది. కుండ పెంకుల మధ్య మజ్జిగ మడుగు కట్టింది. ఆ తెల్లటి మడుగులోకి ఓ పక్కనుంచి ఎర్రగా పాయలు వచ్చి కలుస్తున్నాయి. కరివేపాకు రెబ్బలు వాటి మీద తేలుతున్నాయి.

నలభై మంది పైనే ఉన్నారు మగవాళ్లు. లారీలకు మొక్కలెత్తేవాళ్లు, మట్టి కలిపేవాళ్లు, నీళ్లు పెట్టేవాళ్లు. చేతుల్లో మొక్కలకి ఊతంగా పాతే వెదురు కర్రలున్నాయి. వాళ్లు అరవడం లేదు. గొయ్యి తవ్వేవాళ్లు వంతులవారీగా పలుగు అందుకున్నట్టు, ఒకడు అలిసిపోతే ఇంకొకడు కర్ర అందుకుంటున్నాడు. కర్ర లేస్తోంది, పడుతోంది. పడినప్పుడల్లా తడి గోనె మీద కొట్టిన చప్పుడు.

పోతురాజుకి యాభై అయిదేళ్లుంటాయి. బోర్లా పడున్నాడు. కుడి చెవి సగం ఊడి వేలాడుతోంది. గ్లాసులు అందించే చేతిని ఎవరో బూటుకాలితో నేలకేసి నలిపారు. వేళ్లు వేళ్లలా లేవు. ముందు పళ్లు రెండు మజ్జిగలో పడి, కుండ పెంకులకీ వాటికీ తేడా తెలీకుండా ఉన్నాయి. అతని మెడ మీద కాలు వేసి నిలబడ్డవాడు త్రిమూర్తులు. దేవిశ్రీ మొగుడు. తెల్లారి కాకినాడలో భార్య శవాన్ని అంబులెన్సులో పెట్టించి నేరుగా ఇక్కడికే వచ్చాడు. చేతిలో ఆవిడ అంట్లు కట్టే చాకు ఉంది, పిడికి ఎర్రదారం చుట్టిన చిన్న చాకు. మిగతావాళ్లు కొట్టడం అయ్యాక చివరి పని తనదని అందరికీ చెప్పి పెట్టాడు.

ఆటోవాడు అప్పటికే పోలీసులకి ఫోను చేశాడు. బయల్దేరారట, రైలు గేటు పడిందట, గూడ్సు వెళ్లాలట.

ఈ కర్రలన్నింటినీ నేనే వీళ్ల చేతికిచ్చాను అనుకుంది హారతి. ఆ ఒక్క ఆలోచనతో ఆమె గుంపులోకి దూరింది. మోచేతులూ చెమటా తోసుకుంటూ వెళ్లి, లేచిన కర్రకీ పోతురాజు వీపుకీ మధ్య ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది.

కర్ర ఆగలేదు. మణికట్టు పైన ఎముక విరిగిన చప్పుడు ఆమెకి ముందు వినిపించింది, నొప్పి తరవాత తెలిసింది. కళ్ల ముందు లోకం తెల్లబడి, మళ్లీ రంగులోకి వచ్చింది. గాజులు పగిలి చేతిలో గుచ్చుకున్నాయి.

"అయ్యయ్యో, మీకు తగిలిందాండీ," అన్నాడు కొట్టినవాడు. అబ్రహాము అని, లారీ లోడువాళ్ల పెద్ద. ఆరడుగుల మనిషి. కర్ర దించకుండానే మర్యాదగా ఒంగి చూశాడు. "మీరు పక్కకి తప్పుకోండమ్మా. మిమ్మల్ని కొట్టాలని కాదండి."

"తప్పుకోను."

"మీరు రాసిందే కదండీ," అన్నాడు త్రిమూర్తులు. "పద్నాలుగులో పదమూడు. మీ చేతిరాతే. ఇప్పుడు అడ్డం పడతారేంటండి?"

నేను రాసింది సగమే అని చెప్పడానికి హారతి నోరు తెరిచి, ఆ మాట వీళ్లకి ఎందుకూ పనికిరాదని మూసుకుంది. తరగతిలో రాజరత్నం మేడమ్ బోర్డు మీద నాలుగు గళ్లు గీసి, పై రెండూ నింపి, కింది రెండూ ఖాళీగా వదిలేసి పిల్లలందరి మొహాల్లోకీ చూసిన రోజు గుర్తొచ్చింది. జబ్బుపడ్డవాళ్లు మీకు సగం కథే చెప్తారు, మిగతా సగం బాగున్నవాళ్ల దగ్గరుంది, వాళ్లు మీ దగ్గరికి రారు, మీరే వెళ్లి వెతుక్కోవాలి అందావిడ. ఇవాళ వెతుక్కోనక్కర్లేదు. ఆ రెండు గళ్లూ కర్రలు పట్టుకుని చుట్టూ నిలబడే ఉన్నాయి.

ఆమె తల ఎత్తి త్రిమూర్తుల్ని అడిగింది.

"మంగళవారం మీరు తాగారా మజ్జిగ?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. ఆమె మళ్లీ అడిగింది. ఈసారి అర్థమైంది.

"తాగాను."

"మీకేం కాలేదే?"

వెనక ఎక్కడో ఒక కర్ర నేలకి ఆనిన చప్పుడు. త్రిమూర్తుల కాలు మాత్రం పోతురాజు మెడ మీదే ఉంది. హారతి కుడిచేత్తో సంచిలోంచి పెన్ను తీసి, పళ్లతో మీట నొక్కింది. ఆకుపచ్చ. ఇన్నాళ్లలో దాన్ని నొక్కడం ఇదే మొదలు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, రక్తం కారుతున్న చెయ్యి ఒళ్లో పడేసుకుని, మొదటి పేరు రాసింది. త్రిమూర్తులు, తాగాడు, బాగున్నాడు.

"అబ్రహాము గారూ, మీరు?"

అబ్రహాము ఇటూ అటూ చూశాడు. తాగానండి అన్నాడు. ఎన్ని గ్లాసులు అని ఆమె అడిగితే, సిగ్గుపడుతూ ఐదు అన్నాడు. వెనక ఎవడో ఆపుకోలేక నవ్వాడు. ఆ నవ్వు ఆ గుంపు మధ్యలో, ఆ నెత్తురు మధ్యలో, ఎక్కడ నిలబడాలో తెలీక ఆగిపోయింది.

కానీ మనుషులు అంత తేలిగ్గా కర్రలు దించరు. మీసాలాయన ఒకడు ముందుకొచ్చి, మాకు వేరే కుండలోంచి పోసుంటాడండి, ఆడోళ్ల కుండలోనే కలిపాడు అన్నాడు. నిజమే అని పదిమంది అందుకున్నారు. ఎవడో పోతురాజు డొక్కలో కాలితో తన్నాడు, చెప్పరా అంటూ. పోతురాజు నోట్లోంచి మాట కంటే ముందు నెత్తురు వచ్చింది.

"ఒకటే కుండండి," అన్నాడు నేలకేసి. "రెండోది పోయినేడు పగిలిపోయిందండి."

ఒకటే కుండ అన్నది నిజమేనని మట్టి కలిపేవాళ్లలోంచి ఇద్దరు ఒప్పుకున్నారు. అయితే ఆడవాళ్లకి పోశాక మిగతాది పారబోసి కొత్తది చిలికాడేమో అన్నాడు మీసాలాయన. హారతి ఆ మాటని కొట్టిపారేయలేదు. అది సరైన ప్రశ్నే. తనే నిన్న వేసుకోవలసిన ప్రశ్న. ఆడవాళ్లకంటే ముందు తాగినవాళ్లు ఎవరున్నారు అని అడిగింది. నీళ్లు పెట్టేవాళ్లు ఐదుగురు చేతులెత్తారు. ఆడవాళ్లతో కలిసి తాగినవాళ్లు? లోడువాళ్లు ఎనిమిది మంది. ఆడవాళ్ల తరవాత తాగినవాళ్లు మిగతా అందరూ. ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చెయ్యి ఎత్తుతున్నారు. చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరికీ ఆమె మోకాళ్ల మీద జరుగుతూ వెళ్లి పేరడిగింది. ఒకడు పేరు చెప్పనన్నాడు. ఇంకొకడు నా పేరెందుకు, పోలీసులకివ్వడానికా అని కర్రతో ఆమె భుజం మీద పొడిచాడు. ఆమె పడి, లేచి, అతని పేరు బదులు ఎర్రచొక్కా అని రాసుకుంది.

మధ్యలో రెండుసార్లు కళ్లు తిరిగాయి. విరిగిన చెయ్యి వాచి అరటిదవ్వలా తయారైంది. మురళీకృష్ణ ఇప్పుడు చూస్తే ఏమంటాడు అనుకుంది, ఆ పెన్ను ఇచ్చినప్పుడు అతని మొహంలో ఉన్న గర్వం గుర్తొచ్చి. ఆ తలపుతోనే ఇంకో పేరు రాసింది.

నలభై ఒక్క పేర్లు ఆకుపచ్చగా వరసకట్టాయి. ముప్ఫై ఎనిమిది మంది తాగారు. ముగ్గురు తాగలేదు. అందరూ బాగున్నారు.

"వినండి," అంది. లేచి నిలబడ్డానికి అబ్రహాము భుజం పట్టుకోవాల్సి వచ్చింది. "జబ్బుపడ్డవాళ్లలో తాగింది వందకి తొంభై మూడు మంది. ఇక్కడ నిలబడ్డ మీలో తాగింది వందకి తొంభై మూడు మంది. ఒక్కటే లెక్క. మజ్జిగలో మందుంటే ఈ పొద్దున కర్ర పట్టుకోడానికి మీరెవరూ మిగలరు."

ఆ మాట మెల్లగా గుంపులోకి ఇంకింది. ముందు అబ్రహాము కర్ర బండి మీద ఆనించాడు. తరవాత నీళ్లు పెట్టేవాళ్లు. ఎర్రచొక్కా తన కర్రని దూరంగా విసిరేశాడు, అది తనదే కాదన్నట్టు. మీసాలాయన కర్ర దించలేదు గానీ, దాన్ని చూసుకున్నాడు, చివర అంటిన జుట్టు చూసి మొహం తిప్పుకున్నాడు.

అందరికంటే ఆఖరున త్రిమూర్తులు కాలు తీశాడు. తీసి, ఆ కాలు ఎక్కడ పెట్టాలో తెలీనట్టు కాసేపు గాల్లోనే ఉంచాడు.

"మరి నా పెళ్లాం ఎలా చచ్చిపోయిందండి?" అన్నాడు.

ఇంకా తెలీదండి అంది హారతి. అతని గొంతులో కోపం లేకపోవడం ఆమెని దెబ్బ కంటే గట్టిగా తాకింది.

*

అప్పటికి గేటు లోపలినుంచి సూరమ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. అంట్ల షెడ్డులో పనిచేసే పదిహేను మందిలో జబ్బు పడనిది ఆవిడొక్కతే. అందుకే ఆసుపత్రిలో లేదు, అందుకే హారతి జాబితాలోనూ లేదు. గుంపుని పశువుల్ని తోలినట్టు మోచేత్తో తోసుకుంటూ వచ్చి, పోతురాజు తల ఒళ్లో పెట్టుకుంది.

"మనుషులేనా మీరు," అంది అందరినీ కలిపి. "మంగళవారం వీడి కాడ నేనూ తాగాను. నాకూ రెండు దెబ్బలెయ్యండి."

ఆవిడ చెంగు చింపి అతని చెవి అదిమి పట్టింది. కట్టడానికి రొంటిన దోపుకున్న ప్లాస్టిక్ పట్టీల కట్టలోంచి ఒకటి లాగింది. అంటు కట్టాక రెండు కొమ్మలూ కదలకుండా బిగించి చుట్టే సన్నటి పట్టీ అది. ఎప్పుడూ తెల్లగా ఉంటుంది. ఇది నీలంగా ఉంది. ఆవిడ దాని కొస కాలి బొటనవేలికి మెలిపెట్టి, రెండో కొస చేత్తో సాగదీసింది.

వింతగా అనిపించింది హారతికి. ఆసుపత్రిలో ఆడవాళ్లు తమ పని చేసి చూపించినప్పుడు ఎవరూ కాలు వాడలేదు. ఒక చేత్తో అంటు పట్టుకుంటారు, రెండో చేత్తో చుడతారు, పట్టీ కొస మాత్రం...

"కాలితో ఎందుకు పడుతున్నావు సూరమ్మా?"

సూరమ్మ నోరు తెరిచి చూపించింది. చిగుళ్లే ఉన్నాయి. "పళ్లుంటే అందర్లాగా నేనూ నోట్లోనే పట్టుకుందును కదమ్మా. పొద్దున్నించి సాయంత్రందాకా పట్టీ వాళ్ల పళ్ల మధ్యనే ఉంటది. మాట్టాడినా తియ్యరు."

రోజంతా, పద్నాలుగు నోళ్లలో. ఉపవాసమున్న పాపాయి నోట్లో కూడా. పళ్లు లేని ఒక్క నోట్లో తప్ప.

సూరమ్మ అప్పటికే ఆ పట్టీని పోతురాజు చెవి గాయం మీదికి తెచ్చింది. హారతి ఉన్నచోటునుంచే ఎగిరి దూకి దాన్ని లాక్కుంది. విరిగిన చెయ్యి నేలకి తగిలి కేక వచ్చేసింది, ఆ కేకలోనే మాట కూడా వచ్చేసింది.

"కట్టొద్దు. మందు దీనిలోనే ఉంది. ఈ పట్టీలోనే."

అలా అన్నాక తెలిసింది ఆమెకి, మళ్లీ అదే పని చేసిందని. సగం తెలిసింది పదిమందిలో పెట్టేసింది.

నలభై ఒక్కమందీ ఒక్క అడుగు ముందుకి వేశారు. ఇవి ఎక్కడివి అన్నాడు మీసాలాయన. ఎవడిచ్చాడు, మేస్త్రీయా? గేటు లోపల నిలబడ్డ బంగార్రాజు మొహం పాలిపోయి, తెచ్చింది నేను కాదు, తెల్ల పట్టీ చుట్ట అయిపోయింది, వాళ్లే ఏవో తెచ్చుకున్నారు అని చేతులూపాడు. ఎవరు తెచ్చుకున్నారు?

సూరమ్మ తల దించుకుంది. హారతి ఆవిడ మొహం దగ్గరికి వంగింది. ముసలామె ఆమె చెవిలో, ఊపిరంత సన్నగా చెప్పింది.

"దేవిశ్రీ తెచ్చిందమ్మా. పురుగులకేసే గుళికల మందు బస్తాల్లో లోపలి కవర్లంట. వాళ్లాయన కాలవలో కడిగి, ఆదివారమంతా పక్కన కూచుని కోసిచ్చాడంట. మా ఆయన కోశాడు, మా ఆయన కోశాడు అని మంగళవారం షెడ్డు షెడ్డంతా పంచుకుంటా ఎంత మురిసిపోయిందో పిచ్చిపిల్ల."

హారతి చేతిలో పెన్ను ఉంది. ఆ పెన్ను అందుకున్న రోజు తనూ అలాగే మురిసిపోయింది. పిడికిలి బిగించి ఆ నీలం పట్టీని లోపలికి ముడిచేసుకుంది. ఒక్క పేరు చాలు, మళ్లీ కర్రలు లేవడానికి. నిన్నటి కాగితం పోతురాజుని ఎక్కడికి తెచ్చిందో అతని ఊపిరి గురగురమంటూ చెప్తూనే ఉంది.

"ఎవరండి మేడమ్?" అన్నాడు అబ్రహాము. "మీరు చెప్తే వింటాం. మీ మాటకే కదా వీణ్ణి వదిలాం."

"తెలీదండి," అంది. "ఇంకా అందర్నీ అడగలేదు. అందర్నీ అడక్కుండా ఇక నేనేం చెప్పను."

దూరంగా గూడ్సు బండి కూత వినిపించింది. పెట్టె తరవాత పెట్టె, తాపీగా, రైలు గేటు దగ్గర పోలీసు జీపుని అవతలే నిలబెట్టి.

త్రిమూర్తులు వచ్చి ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. చాకు కింద పెట్టాడు. బిగించిన ఆమె పిడికిలిని, అందులోంచి బయటికి వచ్చిన నీలం కొసని చూశాడు. ఆ పొద్దున్నించి మొదటిసారి అతని మొహం మెత్తబడింది. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి, పట్టీని రెండు వేళ్లతో పైకెత్తి, అంచు నున్నగా వచ్చిందో లేదో ఎండలో పెట్టి చూసుకున్నాడు.

"ఇది మా దేవిశ్రీదేనండి," అన్నాడు. "నేనే కోశాను."

అబ్రహాము బండి మీద ఆనించిన కర్ర కోసం, వెనక్కి తిరిగి చూడకుండానే, చెయ్యి చాపాడు.